ఎవరికీ ఏమీ కాని పెద్దమనిషి

మొన్న సోమవారం జమ్మలమడుగు బస్టాండులో దిగేసరికి ఎదురుగా గోడమీద ఆయన ఫ్లెక్సీ ఉంది. ఆయన పోయిన సంగతి నాకు అట్లా తెలిసింది. పెద్దకర్మకు అందరూ రావాలని రాశారు. పైన ఆయన బొమ్మ, మెడలో కంప్యూటరు వేసిన పూలదండ. కింద నాలుగు వరుసల్లో బావమరుదులు, అల్లుళ్ళు, మేనల్లుళ్ళు, మనవళ్ళు, 'ఆత్మీయులు'. కొందరు నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నారు, ఒకరిద్దరు సెల్‌ఫోను చెవి దగ్గర పెట్టుకుని ఎటో చూస్తున్నారు. అంతమంది బతికున్నవాళ్ళ మధ్య పోయిందెవరో వెతుక్కోవాల్సి వచ్చింది.

ఆయనది పులివెందుల. జమ్మలమడుగులో ఫ్లెక్సీ ఎందుకని ఆయన్ను ఎరిగినవాళ్ళెవరూ అడగరు. ముద్దనూరులో, దువ్వూరులో, చక్రాయపేటలో కూడా వేసే ఉంటారు. చుట్టాలు లేని ఊరు ఆయన లెక్కలో ఊరే కాదు.

విచిత్రం ఏమిటంటే, నేను చూసిన మూడేళ్ళూ ఆయన చేసిన పనికి ఉండాల్సిన మొదటి అర్హత, ఎవరికీ ఏమీ కాకుండా ఉండడం.

ప్రొద్దుటూరు బయట ఒక యూనివర్సిటీలో నేను అవుట్‌సోర్సింగ్ టైపిస్టుగా పనిచేశాను. అక్కడ విద్యార్థికో, సిబ్బందిలో ఒకరికో అన్యాయం జరిగితే మొదట లోపలి కమిటీకి అర్జీ పెట్టుకోవాలి. కమిటీలో అంతా యూనివర్సిటీ వాళ్ళే కాబట్టి, అక్కడ న్యాయం జరగలేదనుకున్నవాళ్ళ కోసం పైన ఇంకొకరు ఉంటారు. ఆయన బయటి మనిషి. యూనివర్సిటీలో ఉద్యోగి కాకూడదు, ఉద్యోగుల్లో ఎవరికీ చుట్టం కాకూడదు. ఎవరి మొహమూ చూడకుండా తీర్పు చెప్పాలి. ఆ పదవిని ఆంబుడ్స్‌పర్సన్ అంటారు. మా అటెండర్లు మాత్రం 'పంచాయితీ సార్' అనేవాళ్ళు. పదవికి కాకపోయినా ఆయనకు ఆ పేరే సరిపోయింది.

ఆయన రిటైరయిన జిల్లా జడ్జి. ఏటా ఒకసారి ఒక ధ్రువపత్రం మీద సంతకం పెట్టాలి. 'ఈ విశ్వవిద్యాలయములో పనిచేయు ఎవరితోనూ నాకు బంధుత్వము లేదు' అని నేనే టైపు చేసి ముందు పెట్టి, సంతకం చోట వేలు చూపించేదాన్ని. ఆయన సంతకం పెడుతూనే పక్కనున్న రిజిస్ట్రారు వైపు తిరిగి, "ఏమప్పా, మీ చిన్నమ్మకు మోకాలు నొప్పి తగ్గిందా? మొన్న మా మేనత్త ఇంట్లో చూసినా, కుంటుకుంటా వచ్చింది," అనేవాడు.

"తగ్గింది మామా," అని రిజిస్ట్రారు ఆ కాగితం తీసుకుని జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకునేవాడు.

నెలకు రెండు గురువారాలు విచారణ. యూనివర్సిటీ కారు పులివెందులకు పోయి బయటి మనిషిని లోపలికి తెచ్చేది. వచ్చి కూర్చోగానే చేతిగడియారం విప్పి బల్లమీద పెట్టేవాడు. కుర్చీ వెనక తువ్వాలు పరిచేవాడు. నేను ఫైలు ఇస్తే తెరవకుండా దానిమీద మోచెయ్యి ఆనించేవాడు. మూడేళ్ళలో చదువుకునే కళ్ళద్దాలు ఒక్కసారి కూడా తెచ్చుకోలేదు.

"కాగితం ఏం చెప్తాది కోడలా, ఎవుడు రాస్తే వాని మాటే చెప్తాది. మనిషైతే ఏడు తరాలు చెప్తాడు," అనేవాడు.

నన్ను కోడలా అనడం మొదటిరోజే మొదలైంది. "ఏ ఊరు పాపా?" అన్నాడు. ప్రొద్దుటూరు అన్నాను. "అది టౌను. ఊరేదని అడుగుతాండా." మా అమ్మవాళ్ళది దువ్వూరు దగ్గర పల్లె అని గొణిగాను. ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళు ఒక్కొక్కటే మడిచాడు. నాలుగోది మడిచి కళ్ళు తెరిచి, "అట్లయితే నువ్వు నాకు కోడలు వరస," అన్నాడు. ఎట్లాగో నాకు ఇప్పటికీ తెలియదు. ఇంటికి పోయి చెబితే మా అమ్మకూ తెలియలేదు.

ఆయన అడిగేవి మూడే ప్రశ్నలు. ఏ ఊరు, ఎవరోళ్ళు, మేనమామది ఏ ఊరు. ఈ మూడింటికీ జవాబు చెప్పాక ఆయనకు ఏమీ కాకుండా తప్పించుకున్నవాళ్ళను నేను చూడలేదు. కులం అడ్డొస్తే స్నేహం, మతం అడ్డొస్తే సేద్యం. అదీ లేకపోతే, "మా బర్రె ఈనలేక పడి ఉంటే మీ తాతే గదా వచ్చి దూడను తీసింది," అనేవాడు. తాత తీశాడో లేదో మనవడికి ఏం తెలుస్తుంది? తల ఊపేవాడు. ఇంక ఆ తల ఆయన చెప్పినదానికంతా ఊగాల్సిందే.

హాస్టలు సాంబారులో పురుగులని నలుగురు పిల్లలు ఫోటోలు ప్రింటు తీసుకుని వచ్చారు. ఆయన ఫోటోల మీద మోచెయ్యి పెట్టాడు. ఒకడిది చక్రాయపేట అని తేలింది. మెస్సు కాంట్రాక్టరు భార్యది కూడా అదే. "ఏమప్పా, అల్లునికి అన్నం పెట్టలేవా నువ్వు?" అని కాంట్రాక్టరును గదమాయించాడు. కాంట్రాక్టరు నవ్వాడు, పిల్లలు సిగ్గుపడ్డారు, అందరికీ ఉగ్గాని, బజ్జీ తెప్పించారు. 'ఇరుపక్షములు సామరస్యముగా రాజీపడిరి' అని నేను టైపు చేశాను. పురుగులు మాత్రం ఏ రాజీకీ రాలేదు. మరుసటి వారం మళ్ళీ సాంబారులోకి వచ్చాయి.

ఇంకొకామె ముద్దనూరు నుంచి వచ్చేది, ల్యాబులో తొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషి. రాని సామాను వచ్చినట్టు సంతకం పెట్టనందుకు ఆమెను ల్యాబు నుంచి తీసి గేటు దగ్గర కూర్చోబెట్టారు, వచ్చేపోయేవాళ్ళ పేర్లు రాసుకోమని. ఆమె గట్టిగానే మాట్లాడింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు, వేళ్ళు మడిచాడు.

"మీ మేనమామ కడప హాస్టల్లో నాకు జత ఉన్న్యాడు గదమ్మా! నా చొక్కా వేసుకోని పోయి పరీచ్చ రాసొచ్చినాడు. మామ చెప్తాండా, గమ్మునుండు. ఈ ఎండాకాలం పోనీ, నేను మాట్లాడతా."

ఎండాకాలాలు రెండు పోయాయి. ఆమెకు న్యాయం దొరకలేదు, మామ దొరికాడు. గురువారం ఆయన కారు గేటులోకి వచ్చినప్పుడు లేచి నిలబడి పుస్తకంలో ఆయన పేరు రాసుకునేది. ఆయన అద్దం దించి, "బాగుండావా పాపా?" అనేవాడు. బాగున్నానని చెప్పేది.

మినిట్స్‌లో రాయకూడనివి ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాన్ని. ఆయన పేజీలే ఎక్కువ. ఒకరోజు టీ తాగుతూ తనంతట తానే చెప్పాడు. "ముప్పైయేండ్లు బెంచి మీద కూచున్నా కోడలా. ఎవురింటికీ పోగూడదు, ఎవురింట్లో తినగూడదు. సొంత అక్క కూతురి పెండ్లికి పోలా, కేసున్నోడు ఒగడు ఆడికి వస్తాడని. మా అక్క సచ్చేదాంకా ఆ మాటే అనె. ఇప్పుడు నాకు ఎవురడ్డం?" నాకు జాలి వేసింది. జాలి వేసిందని డైరీలో రాసుకున్నాను. దాని కిందే ఇంకో వాక్యం కూడా రాశాను: ఆయన పోలేకపోయిన పెళ్ళిభోజనాలన్నీ ఇప్పుడు మా ఫైళ్ళ మీద తింటున్నాడు.

సల్మా వచ్చింది మూడో ఏడు.

ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చివరి సెమిస్టరు. ప్రొద్దుటూరు పిల్లే, తండ్రి కువైట్‌లో డ్రైవరు. ఒక ప్రొఫెసరు క్లాసులు సరిగ్గా చెప్పడం లేదని యూనివర్సిటీ ఇచ్చిన అభిప్రాయాల ఫారంలో రాసింది. అందరూ అదే అనుకున్నారు గానీ, కింద పేరు రాసింది ఈమె ఒక్కతే. నెల తిరిగేసరికి ఆ ప్రొఫెసరు రిజిస్టరులో ఈమె హాజరు తగ్గిపోయింది. హాల్‌టికెట్ ఆపేశారు. పరీక్ష సోమవారం. రాయకపోతే ఏడాది పోతుంది, దానితోపాటు హైదరాబాదులో ఒక మందుల కంపెనీ ల్యాబులో వచ్చిన ఉద్యోగమూ పోతుంది. లోపలి కమిటీ పది నిమిషాల్లో తేల్చేసింది, రిజిస్టరే సాక్ష్యమని. మిగిలింది గురువారం, పంచాయితీ సార్.

ఆ ప్రొఫెసరు ఆయన చెల్లెలి తోడికోడలి కొడుకు. మామా అని పిలుస్తాడు. ఈ సంగతి యూనివర్సిటీలో తెలియనిది సల్మా ఒక్కతెకే.

వరండాలో బెంచీ మీద కాగితాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నేను మనుషులతో మాట్లాడడం తక్కువ. మంచినీళ్ళ గ్లాసు ఇచ్చి వచ్చేద్దామనుకున్నాను. రాలేకపోయాను.

"లోపల ఏ ఊరని అడుగుతాడు. చెప్పొద్దు," అన్నాను.

"యాల అక్కా?"

"చెప్తే చుట్టమైపోతావు."

ఆ పిల్ల నన్ను వింతగా చూసింది. లోపలికి పిలిచారు.

ప్రొఫెసరు అప్పటికే కుర్చీలో ఉన్నాడు. రిజిస్ట్రారు పక్కన. ఆయన గడియారం విప్పి పెట్టి, ఫైలు మీద మోచెయ్యి ఆనించి, చల్లగా మొదలుపెట్టాడు.

"ఏ ఊరు పాపా మీది?"

"నా రోల్ నంబరు అర్జీలో ఉండాది సార్."

"అది కాదు పాపా, ఊరేదని అడుగుతాండా."

"సోమవారం పరీచ్చ సార్."

"పరీచ్చ యాడికీ పోదులే. మీ నాయన పేరేంది?"

"అదీ అర్జీలో ఉండాది సార్."

"మీ అమ్మోళ్ళదన్నా చెప్పు."

"మా అమ్మోళ్ళ మీద నాకు ఫిర్యాదు ల్యా సార్."

రిజిస్ట్రారు దగ్గాడు. ప్రొఫెసరు చేతులు కట్టుకుని, "చూసినారా మామా? పెద్దాచిన్నా ల్యా. క్లాసులో గూడ ఇట్లే," అన్నాడు.

ఆయన కళ్ళు మూసుకున్నాడు, అలవాటుగా చెయ్యి పైకెత్తాడు. మడవడానికి ఒక్క వేలికీ పని లేదు. కళ్ళు తెరిచి గోడను చూశాడు, గడియారాన్ని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నేను కీబోర్డు మీదికి వంగిపోయాను. నాగలి లేకుండా చేనికి వచ్చిన మనిషి లాగా ఉన్నాడు. ఇంక చేసేదేమీ లేక మోచెయ్యి తీశాడు. మూడేళ్ళలో మొదటిసారి ఆయన చేతికింద ఫైలు తెరుచుకుంది.

కళ్ళద్దాలు లేవు. రిజిస్ట్రారువి అడిగి పెట్టుకున్నాడు. యూనివర్సిటీ కళ్ళద్దాలతోనే అర్జీ మొత్తం పెదవులు కదుపుతూ చదివాడు. చదివి, "రిజిస్టరు యాడప్పా?" అన్నాడు. తెచ్చారు. వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పి ఒకచోట ఆగాడు.

"ఈ బుధవారం మూడు గంటలు క్లాసు చెప్పినావా?"

"చెప్పినా మామా. అందరూ వచ్చినారు, ఈయమ్మ తప్ప."

"పదిన్నర నుంచి ఒంటిగంటన్నర దాంకా."

"అవు మామా."

"ఆ పొద్దు మన చిన్నక్క మనవరాలి పెండ్లి గదప్పా, పులివెందుల్లో. నువ్వు నా పక్కనే కూచోని భోంచేస్తివి. రెండో ఓళిగ వద్దంటే నేనే ఏపిస్తి."

ప్రొఫెసరు మొహం కడుక్కోకుండా వచ్చినవాడిలాగా తుడుచుకున్నాడు. "అది... ఆ వారం కాదేమో మామా."

"పెండ్లి తారీకులు నాకు చెప్తావా నువ్వు?"

ఆయన అరవడం నేను వినడం అదే మొదలు. పిల్ల బతుకుతో ఆడుకున్నందుకు కాదు. తాను పెళ్ళి తారీకు తప్పు చెప్పాడన్నందుకు. ఏదైతేనేం, కోపం వచ్చింది కదా అని నేను సంతోషించాను. ఆ కోపంలో మిగతా పేజీలూ తిప్పాడు. ఒకటి ముద్దనూరులో గృహప్రవేశం. ఒకటి వేంపల్లెలో మనవడికి చెవులు కుట్టిన రోజు. మూడు రోజులూ రిజిస్టరులో క్లాసులు జరిగాయి, మూడు రోజులూ సల్మా ఒక్కతే రాలేదు. ఏ సెక్షనూ ఎత్తకుండా, శుభలేఖల ప్రకారం విచారణ పూర్తి చేశాడు.

రిజిస్టరు నమ్మదగినది కాదని, మరుసటిరోజు సాయంత్రంలోగా హాల్‌టికెట్ ఇవ్వాలని సొంత చేత్తో ఆదేశం రాశాడు. శుక్రవారం హాల్‌టికెట్ వచ్చింది. సోమవారం సల్మా పరీక్ష రాసింది.

పరీక్షలైన పదిహేను రోజులకు రిజిస్ట్రారు ఒక ఉత్తరం చెప్పాడు, నేను టైపు చేశాను. 'ప్రతివాది తమరికి బంధువని తమరి విచారణలోనే తేలినందున, తమరిచ్చిన ధ్రువపత్రము వాస్తవము కానందున, తమరి ఆదేశము చెల్లదు.' ఆదేశం చెల్లదు కాబట్టి హాల్‌టికెట్ చెల్లదు. హాల్‌టికెట్ చెల్లదు కాబట్టి సల్మా ఫలితం నిలుపుదల. న్యాయంగా చూస్తే ఆ ఉత్తరంలో ఒక్క తప్పు లేదు. చుట్టం కేసు చుట్టం విచారించకూడదు. మూడేళ్ళు ఏటా సంతకం పెట్టించుకుని ఫైల్లో దాచినవాళ్ళకు ఆ నీతి సరిగ్గా ఆ వారమే గుర్తొచ్చింది.

ఉత్తరం అందిన నాలుగోరోజు ఆయన బస్సులో వచ్చాడు. కారు పంపలేదు. గేటు దగ్గర ముద్దనూరు ఆమె పేరు రాసుకుని, ఎవరిని చూడాలని అడిగిందట. రూలు ప్రకారం అడగాలి. నా బల్లమీద ఒక కాగితం పెట్టి నిలబడ్డాడు. 'చుట్టరికం నిజమే. చుట్టాన్ని కాబట్టే ఆ రోజు అతను ఎక్కడున్నాడో నాకు తెలుసు. విచారించడానికి పనికిరానంటే సాక్షిగా పిలవండి' అని రాసి ఉంది. తారీకు వేసి ముద్ర కొట్టి రసీదు ఇచ్చాను.

సల్మా మళ్ళీ అర్జీ పెట్టింది. లోపలి కమిటీ కూర్చుంది. సాక్షి వరండా బెంచీ మీద సల్మా పక్కన గంటన్నర కూర్చున్నాడు. పిలిచాక లోపలికొచ్చి జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. పెళ్ళి వీడియో.

గోడమీద వేశారు. డ్రోను తీసిన మండపం, పాట, మళ్ళీ డ్రోను. ఐదుగురు సభ్యులూ మొదట విసుక్కున్నారు. పావుగంటకు కుర్చీలు ముందుకు జరిపారు. "వంటోళ్ళెవురప్పా, బాగుండాదే ఏర్పాటు," అన్నాడొకాయన. భోజనాల వరుస వచ్చింది. ప్రొఫెసరు కనిపించాడు, ఆకులో ఓళిగ, వద్దంటున్న చెయ్యి. కెమెరా అక్కడ ఆగకుండా వరుస వెంట ముందుకు పోయింది. తర్వాతి ఆకు రిజిస్ట్రారుది. దాని తర్వాతి ఆకు కమిటీ చైర్మనుది. పనిరోజు, బుధవారం. ఆ నెల వాళ్ళ ముగ్గురికీ పూర్తి హాజరు టైపు చేసింది నేనే.

"ఆపు, ఆపు," అన్నాడు చైర్మను.

"ఉండప్పా, ఇంగా పెరుగు గూడ రాలా," అన్నాడాయన.

'విద్యార్థిని భవిష్యత్తు దృష్ట్యా, మానవతా దృక్పథముతో' ఫలితం విడుదల చేయాలని తీర్మానించారు. ఆ తీర్మానంలో ఎవరి తప్పూ లేదు. ప్రొఫెసరును ఆ ఏడాదే క్రమశిక్షణ సంఘంలో సభ్యుడిగా వేశారు. ఆంబుడ్స్‌పర్సన్ గడువు పొడిగించలేదు. మరుసటి నెల నా కాంట్రాక్టూ పొడిగించలేదు, కారణం రాయలేదు. అందుకే ఇప్పుడు జమ్మలమడుగులో ఒక కాలేజీ ఆఫీసులో ఉన్నాను.

ఫలితం వచ్చిన రోజు ఆయనకు ఫోను చేశాను. ఏం మాట్లాడాలో ముందే కాగితం మీద రాసుకున్నాను.

"పాసైంది సార్."

"ఆ ప్రొఫెసరబ్బి పేపర్లో ఎంత?"

"నలభై సార్. పాసు మార్కే. మిగతావన్నీ డెబ్బై దాటాయి."

"దిద్దిందెవురు?"

"ఆయనే సార్."

అటువైపు టీవీ మోత వినిపించింది. దాన్ని ఎవరో తగ్గించారు. "కంపెనీవోళ్ళు ఒప్పుకుంటారా నలభైకి?"

"ప్రతి పేపర్లో యాభై ఉండాలట సార్. ఇంకా నెల గడువు ఇచ్చారు. రీవాల్యుయేషన్‌కు రాసుకోవచ్చు, కానీ ఆ పిల్ల భయపడుతోంది. ఇంకా తగ్గిస్తారేమోనని."

"మల్లా వీడే దిద్దుతాడా?"

"లేదు సార్. బయటి యూనివర్సిటీకి పోతుంది."

"ఏ యూనివర్సిటీ?"

"చెప్పరు సార్."

"దిద్దే మనిషి పేరన్నా?"

"అదీ చెప్పరు. పేపరు మీద ఆమె పేరు కూడా ఉండదు, నంబరే. ఆమె ఎవరో వాళ్ళకు తెలియదు, వాళ్ళెవరో మనకు తెలియదు."

ఫోను కట్ అయిందేమోనని చూసుకున్నాను.

"ఎవురో తెలీకుండా ఎట్ల దిద్దుతారో ఏమో," అన్నాడు చివరికి. "సరే కోడలా. ఆ పాపను రాయమను."

రాసింది. గడువు లోపలే డెబ్బై ఎనిమిది వచ్చింది.